చెవిహోరు – నొప్పిమాత్రలు: ఒక సమీక్ష

చెవిహోరు గల మనుష్యుడు తలనొప్పికో మోకాలినొప్పికో ఒక మాత్ర వేసికొనవచ్చునా అను ప్రశ్న పైకి స్వల్పముగనే తోచును గాని, దానికి మందుల దుకాణమువాడొక సమాధానమును, చెవి వైద్యుడొక సమాధానమును, కీళ్ళ వైద్యుడు వేరొక సమాధానమును చెప్పుదురు. మాత్రల పెట్టెలో మడిచి యుంచిన కాగితము ఈ మువ్వురితోను ఏకీభవింపదు. బయట శబ్దమేదియు లేకయే ఈలగానో, హోరుగానో, కీచురాళ్ళ రొదగానో వినబడు ఈ బాధను సుశ్రుతసంహిత తన 28 కర్ణరోగములలో కర్ణనాదమను పేర పరిగణించినది. 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ గణనము ప్రకారము ప్రపంచమున వయోజనులలో నూటికి సుమారు 14 మందికి, అనగా 74 కోట్లమందికి, ఏదో యొక స్థాయిలో ఈ హోరు కలదు. అందు 12 కోట్లకు పైబడినవారికి అది జీవితమును క్రుంగదీయు సమస్య. నొప్పిమాత్ర లేని ఇల్లు నేడు అరుదు. కావున ఈ రెండును ఒక్క మనుష్యునియందు కలియుట వింత కాదు.

చిక్కునకు మూలమేమనగా, మూడు వేర్వేరు ప్రశ్నలను మనము ఒక్కటిగా కలిపి అడుగుచున్నాము. ఆరోగ్యముగా నున్న చెవిలో మందు క్రొత్తగా హోరు పుట్టించునా అనునది మొదటిది. అట్లు పుట్టిన హోరు మందు మానిన పిదప పోవునా, శాశ్వతముగా నిలుచునా అనునది రెండవది. ఇదివరకే హోరుతో కాలము గడుపుచున్న చెవికి అదే మందు మరింత కీడు చేయునా అనునది మూడవది. మొదటిదానిపై నూట ఏబది సంవత్సరములుగా పరిశీలన జరుగుచున్నది. రెండవదానిపై కొంత జరిగినది. రోగి అడుగునది మూడవదానిని; అతనికి లభించు సమాధానము మాత్రము మొదటిదానిది.

పూర్వచరిత్ర

1763లో ఆంగ్లదేశమునందలి చిపింగ్ నార్టన్ పట్టణపు మతాచార్యుడు ఎడ్వర్డ్ స్టోన్, విల్లో చెట్టు బెరడు చూర్ణము చలిజ్వరమును శమింపజేయునని రాయల్ సొసైటీకి వ్రాసెను. 1828లో మ్యూనిక్ నగరమున బుక్నర్ ఆ బెరడునుండి సాలిసిన్ అను చేదు పదార్థమును వేరుచేసెను. 1838లో ఇటలీదేశీయుడు పిరియా దానినుండి సాలిసిలిక్ ఆమ్లమును సాధించెను. 1876లో డండీ నగర వైద్యుడు మక్లగన్ సాలిసిన్‌ను, బెర్లినులో స్ట్రికర్ సాలిసిలిక్ ఆమ్లమును కీళ్ళవాతజ్వరమునకు ప్రయోగించి అద్భుతమైన ఫలితములు ప్రకటించిరి. ఆ వెనువెంటనే, ఒకటి రెండేండ్లలోనే, రోగులకు చెవులు గింగురుమనుచున్నవనియు, వినికిడి మందగించుచున్నదనియు నివేదికలు వెలువడసాగెను. ఇది వైద్యులకు బొత్తిగా అపరిచితమైన లక్షణము కాదు. చలిజ్వరమునకు సింకోనా బెరడును, క్వినైనును ఇచ్చునప్పుడు అదే గింగురు వారు ముందే యెరుగుదురు. మన్యపు జ్వరమునకు క్వినైను మ్రింగిన తరములకు మన ఏజెన్సీ ప్రాంతములలోను అది తెలిసిన సంగతియే.

1897లో బేయర్ సంస్థలో హాఫ్‌మన్ శుద్ధమైన అసిటైల్ సాలిసిలిక్ ఆమ్లమును తయారుచేయగా, 1899లో అది ఆస్పిరిన్ పేరున విపణికెక్కెను. తదుపరి డెబ్బదియేండ్లకు పైగా కీళ్ళవాతమునకు దినమునకు నాలుగు గ్రాములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, ఇచ్చుట సాధారణాచారముగా నుండెను. ఆ కాలపు వైద్యులు రోగి చెవినే కొలబద్దగా చేసికొనిరి: హోరు వినబడువరకు మోతాదు పెంచుట, వినబడిన వెంటనే కొంచెము తగ్గించుట. నేటి పాఠకునకు ఇది క్రూరముగా తోచవచ్చును గాని, రక్తపరీక్షలు సులభముగా లభింపని దినములలో అంతకన్న మంచి కొలత వారికి లేకుండెను.

ఈ ఆచారమును పరీక్షకు పెట్టినది 1973లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో మాంగన్ మొదలగువారు ప్రకటించిన వ్యాసము. వినికిడి సరిగానున్న రోగులకు రక్తమున 100 మిల్లీలీటర్లకు సుమారు 20 మిల్లీగ్రాముల సాలిసిలేట్ చేరిన పిమ్మటనే హోరు ఆరంభమగుచున్నదని వారు చూపిరి. అంతకన్న గమనింపదగినది మరియొకటి కలదు: ముందే వినికిడి తగ్గినవారిలో కొందరికి అంతకు మించిన స్థాయిలలోను హోరు వినబడలేదు. వృద్ధుని చెవి ఆ హెచ్చరికను అందుకొనలేకపోవచ్చునన్నమాట. హోరు లేదు గదా, మోతాదు నిరపాయమే యనుకొనుటకు వీలులేదని దీని అర్థము. ఈ అంశము వైద్యగ్రంథములలో ఉన్నంతగా ఇండ్లలోనికి రాలేదు.

అంతలో మందు యొక్క ప్రయోజనమే మారిపోయెను. 1971లో జాన్ వేన్ ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని అడ్డగించి పనిచేయునని నిరూపించెను. 1988లో గుండెపోటు రోగులపై జరిగిన ఐసిస్-2 పరిశోధన దినమునకు 162 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ప్రాణములు కాపాడునని చూపెను. నేడు మన పెద్దలు హృద్రోగమునకు వాడు మాత్ర 75 లేక 150 మిల్లీగ్రాములది. 75 మిల్లీగ్రాములనగా ఆనాటి నాలుగు గ్రాముల దినపు మోతాదులో ఏబదవ వంతుకన్న తక్కువ. మోతాదు ఇంతగా తగ్గినను, పెద్ద మోతాదుల నాటి భయము మాత్రము తగ్గక అట్లే వారసత్వముగా సంక్రమించినది.

చెవి లోపల జరుగునది

లోచెవిలో, నత్తగుల్ల ఆకృతి గల కాక్లియానందు, బాహ్యరోమకణములను సూక్ష్మకణములు కలవు. ఇవి శబ్దమును గ్రహించుటయే గాక, తామే సాగుచు ముడుచుకొనుచు మందశబ్దములను హెచ్చించి మెదడునకు అందించును. ఈ చలనమునకు కారణమైన ప్రెస్టిన్ అను ప్రోటీనును 2000 సంవత్సరమున అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమునందు పీటర్ డాలస్ బృందము కనుగొనెను. ప్రెస్టిన్ పనిచేయుటకు క్లోరైడు అయాను కావలెను. సాలిసిలేట్ ఆ క్లోరైడు కూర్చుండవలసిన చోటును ఆక్రమించును. ఫలితముగా కణచలనము మందగించి, వినికిడి 20 మొదలు 40 డెసిబెల్ల వరకు తగ్గును. రక్తమునుండి మందు తొలగినంతనే క్లోరైడు తన స్థానమునకు మరలివచ్చును. సాలిసిలేట్ వలని చెవుడును, హోరును మందు మానిన ఒకటి మొదలు మూడు దినములలో సామాన్యముగా తగ్గిపోవుటకు ఇది ముఖ్యకారణమని పరిశోధకులు భావించుచున్నారు.

అయితే వినికిడి తగ్గుట వేరు, లేని శబ్దము వినబడుట వేరు. 1988లో యేల్ విశ్వవిద్యాలయమున జాస్ట్రెబాఫ్, అతని సహచరులు ఎలుకలకు సాలిసిలేట్ ఇచ్చి, నిశ్శబ్దమును గుర్తించునట్లు వానికి శిక్షణ నిచ్చిన యొక ఉపాయముచేత, అవి నిశ్శబ్దమును నిశ్శబ్దముగా గ్రహింపజాలకున్నవని చూపి, జంతువునందు హోరును కొలుచు మొట్టమొదటి మార్గమును ఏర్పరచిరి. 2003లో ఫ్రాన్సు దేశమునందు మోంపెల్లియే పరిశోధకులు గీటన్, ప్యూయెల్ మొదలగువారు సాలిసిలేట్ కాక్లియాలోని ఎన్.ఎం.డి.ఎ. అను నాడీసంకేత గ్రాహకములను ఉద్రేకింపజేయుచున్నదనియు, వానిని అక్కడనే అడ్డగించినచో ఎలుకల హోరు ప్రవర్తన ఆగుచున్నదనియు నిరూపించిరి. ఆ ప్రయోగముననే మెఫనమిక్ ఆమ్లపు లవణము కూడ హోరు పుట్టించినది. ఋతుశూలకును పంటినొప్పికిని మన దేశమున విరివిగా వాడబడు మందు అదియే గనుక ఈ సంగతి మనకు ప్రత్యేకముగా గమనింపదగినది. ఎలుకకు చేసిన ప్రయోగమును మనిషికి నేరుగా అన్వయింపరాదని చెప్పుటయు అంతే అవసరము. ఇక మెదడు వంతు కలదు. చెవినుండి వచ్చు సమాచారము క్షీణించినప్పుడు శ్రవణకేంద్రములు తమ సంవేదనను హెచ్చించుకొనుననియు, సాలిసిలేట్ అచ్చటి నిరోధక సంకేతములను కూడ సడలించుననియు పరిశోధనలు చెప్పుచున్నవి.

పారాసిటమాల్ కథ వేరు. అది ప్రెస్టిన్ జోలికి పోవునని ఎవ్వరును చూపలేదు. కాలేయమున అది విచ్ఛిన్నమగునప్పుడు పుట్టు విషపదార్థమును గ్లూటథయోన్ అను రక్షకద్రవ్యము నిర్వీర్యము చేయును. మోతాదు మితిమీరినచో ఆ ద్రవ్యము తరిగిపోవును. చెవికణములను శబ్దాఘాతమునుండియు, ఇతర విషములనుండియు కాపాడునది కూడ గ్లూటథయోనే. ఈ ఊహకు ఊతమిచ్చినది అమెరికాలోని యొక విషాదకరమైన అనుభవము: హైడ్రోకోడోన్ అను మత్తుమందును పారాసిటమాలును కలిసిన మాత్రలను వ్యసనముగా మితిమీరి వాడిన కొందరు శీఘ్రముగా సంపూర్ణ బధిరులైరి. తొలుత దోషము హైడ్రోకోడోన్‌పై మోపబడినది. పిమ్మట 2010లో ఎలుక శ్రవణకణములపై చేసిన పరీక్షలలో కణములను చంపుచున్నది పారాసిటమాలేనని తేలినది. ఇది వ్యసనస్థాయి మోతాదుల సంగతి. జ్వరమునకు రెండు దినములు మాత్ర వేసికొన్నవాని సంగతి కాదు.

సాలిసిలేట్ విషయమున మరియొక సూక్ష్మము కలదు. అల్పమాత్రలో ఆస్పిరిన్ వలన పుట్టు సాలిసిలేట్ రెండు మూడు గంటలలో సగము తరుగును. మోతాదు పెరిగినకొలది కాలేయపు ఎంజైములు చాలక, ఆ కాలము 15 మొదలు 30 గంటల వరకు సాగును. కావున మోతాదు రెండింతలైనప్పుడు రక్తస్థాయి రెండింతలతో ఆగదు. మూత్రపిండములు దుర్బలమైనవారిలోను, ఎండలో శోషించి నీరు తక్కువైనవారిలోను ఇది మరింత త్వరగా పెరుగును.

మూడు పక్షములు

ఈ సామగ్రినుండి మూడు అభిప్రాయధారలు ఏర్పడినవి. మొదటిది నిషేధపక్షము. చెవికి హాని చేయగల మందుల పట్టికలలో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ అన్నియు ఉన్నవి కావున, ఇదివరకే దెబ్బతిన్న చెవి గలవారు వీనిని వర్జింపవలెనని వీరి వాదము. జాగ్రత్త విషయమున వీరిని తప్పుపట్టలేము. కాని ఆ పట్టికలలో ఒక్కసారి ఒక్కరికి హోరు వచ్చినట్లు నివేదింపబడిన మందును, నిశ్చయముగా చెవిని చెరచు సిస్‌ప్లాటిన్, జెంటమైసిన్ వంటి మందులను ఒకే వరుసలో కూర్చుండబెట్టుట వీరి పద్ధతిలోని పెద్ద దోషము.

రెండవది పరిమాణపక్షము. విషత్వము మందు పేరులో లేదు, మోతాదునందును, కాలవ్యవధియందును, దానిని విసర్జింపవలసిన దేహస్థితియందును ఉన్నదని వీరు చెప్పుదురు. ఔషధశాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు ఈ పక్షమువారే. ఈ వ్యాసకర్త మొగ్గును ఇటువైపే.

మూడవది చిత్తపక్షము. హోరు యొక్క తీవ్రత అవధానముపై ఆధారపడును; మాత్ర హోరును పెంచునని చదివిన రోగి ఆ రాత్రి తన చెవినే వినుచు పడుకొనును, వినగా అది పెద్దదైనట్లే యుండును. నొప్పియు, నిద్రలేమియు స్వయముగా హోరును హెచ్చింపగలవు గనుక, నొప్పి మాన్పుటయే హోరునకు చికిత్స కావచ్చునని కూడ వీరు వాదింతురు. ఈ మాటలో సత్యము చాల కలదు. కాని రోగి ఫిర్యాదునంతను అతని ఊహపైకి త్రోసివేయుటకు ఇది సులభమైన సాకుగా కూడ మారగలదు.

ఇట పక్షములన్నింటిని కలవరపెట్టు రెండు విచిత్ర విషయములను చెప్పవలసి యున్నది. కొందరి చెవులు తమంత తాము సూక్ష్మశబ్దములను వెలువరించును. అరుదుగా ఆ శబ్దమే హోరుగా వినబడును. అట్టివారిలో ఆస్పిరిన్ ఆ హోరును అణచివేసినట్లు 1989లో పెన్నర్, 1992లో పెన్నర్, కోల్స్ వివరించిరి. ప్రెస్టిన్‌ను మందగింపజేయు గుణమే అచ్చట మేలైనది. రెండవది, 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన చైనాదేశపు పరీక్ష. జెంటమైసిన్ ఇంజక్షన్లు పొందు రోగులకు దినమునకు 3 గ్రాముల ఆస్పిరిన్ 14 దినములు ఇచ్చినప్పుడు వినికిడి నష్టము నూటికి 3 మందిలోను, ఇయ్యనివారిలో నూటికి 13 మందిలోను కనబడినది. చెవిని తాత్కాలికముగా మందగింపజేయు పదార్థమే వేరొక విషమునుండి దానిని కాపాడినదన్నమాట. దీనిని చూచి ఎవ్వరును ఇంటిలో అట్టి ప్రయోగము చేయరాదు. 3 గ్రాముల ఆస్పిరిన్ కడుపులో రక్తస్రావము కలిగింపగలదు.

జనసమూహ పరిశీలనలు

ప్రయోగశాల విడిచి జనసామాన్యమునకు వచ్చినచో, ఈ ప్రశ్నపై అతి విస్తారమైన సాక్ష్యము హార్వర్డ్ పరిశోధకురాలు షారన్ కర్హన్ బృందము అమెరికా వైద్యవృత్తులవారిపై సాగించిన దీర్ఘకాలిక పరిశీలనలనుండి లభించినది. 2010లో ప్రకటింపబడినది 26,917 మంది పురుషుల గూర్చినది. వారమునకు రెండుమార్లు గాని అంతకు మించి గాని మాత్రలు వాడినవారిలో వినికిడి నష్టపు అవకాశము ఆస్పిరిన్‌తో నూటికి 12, ఐబుప్రొఫెన్ వంటి ఇతర శోథహర మాత్రలతో 21, పారాసిటమాల్‌తో 22 వంతులు అధికముగా నుండెను. ఏబదియేండ్ల లోపువారిలో ఈ భేదము మరింత పెద్దది. పారాసిటమాల్ విషయమున అది దాదాపు రెండింతలు. 2012లో 62,261 మంది స్త్రీలపై వెలువడిన ఫలితములో ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ రెంటికిని ఇట్టి సంబంధమే కనబడినది. ఆస్పిరిన్‌కు మాత్రము కనబడలేదు. నిరపాయమని ప్రపంచమంతయు నమ్మిన పారాసిటమాల్ నిందితుల వరుసలోనికి వచ్చుటయు, అనాదినుండి నిందితురాలైన ఆస్పిరిన్ స్త్రీల విషయమున విడుదలగుటయు ఈ పరిశీలనలలోని వింత.

ఈ రెండును వినికిడిని గూర్చినవి. హోరునే నేరుగా ప్రశ్నించినది 2022 నాటి నివేదిక. 69,455 మంది నర్సులను 1995నుండి 2017వరకు అనుసరింపగా 10,452 మందికి ఎడతెగని హోరు క్రొత్తగా ఏర్పడినది. వారమునకు ఆరేడు దినములు సాధారణ మోతాదు ఆస్పిరిన్ వాడిన అరువదియేండ్ల లోపు స్త్రీలలో అవకాశము నూటికి 16 వంతులు, అదే విధముగా శోథహర మాత్రలు వాడినవారిలో 17 వంతులు, పారాసిటమాల్ వాడినవారిలో 18 వంతులు అధికము. కాక్స్-2 నిరోధకములు అను శోథహర మాత్రలను వారమునకు రెండుమార్లు గాని అంతకు మించి గాని వాడినవారిలో 20 వంతులు. 100 మిల్లీగ్రాములకు మించని ఆస్పిరిన్‌తో ఏ వృద్ధియు లేదు.

నూటికి 18 వంతులు అధికమన్న మాట వినగానే భయము కలుగును. ఆ స్త్రీలలో మొత్తముమీద నూటికి 15 మందికి హోరు ఏర్పడినదని గుర్తుంచుకొని లెక్కించినచో, ఆ 15 స్థానమున సుమారు 18 మంది అగుదురన్నమాట. ఇది ఉపేక్షింపదగినంత చిన్నది కాదు. మాత్ర చూచి వణకవలసినంత పెద్దదియు కాదు. పైగా ఈ పరిశీలనలన్నియు స్వీయనివేదనలు. ప్రతిదినము నొప్పిమాత్ర వేసికొనువారికి ప్రతిదినము నొప్పి కలదు; ఆ నొప్పి వెనుకనున్న వ్యాధియో, దానివలని నిద్రలేమియో హోరునకు కారణమైనచో, నేరము మాత్రపై పడును. పరిశోధకులు గణితముచేత ఈ కలగాపులగమును వడగట్టుటకు ప్రయత్నించిరి గాని పూర్తిగా వడగట్టుట ఎవ్వరి తరమును కాదు.

చీటీలు వేసినట్లు పంచి చూచు పరీక్ష మాత్రమే ఈ సందేహమును తీర్చగలదు. అల్పమాత్ర ఆస్పిరిన్ విషయమున అట్టిది యొకటి జరిగినది. ఆస్ట్రేలియాలో వృద్ధులకు దినమునకు 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌నో, దానిని పోలిన ఉత్తమాత్రనో ఇచ్చి మూడేండ్లు వినికిడిని కొలిచిన పరిశోధన 2024లో ప్రకటింపబడినది. మందు మేలును చేయలేదు, కీడును చేయలేదు. గుండెకు అల్పమాత్ర ఆస్పిరిన్ వాడుచు చెవి గూర్చి చింతించువారికి ఇంతకన్న గట్టి భరోసా ఇచ్చు సాక్ష్యము మరియొకటి లేదు.

మందునకు మందునకు గల తారతమ్యము

ఆస్పిరిన్ విషయమున సంబంధము నిశ్చయము, మోతాదు నిర్ణాయకము, హోరు ప్రాయికముగా తాత్కాలికము. అమెరికాలో వైద్యుని చీటీ లేకుండ అమ్ము ఆస్పిరిన్ పెట్టెపై, చెవులలో మ్రోత గాని వినికిడి లోపము గాని కలిగినచో మందు మాని వైద్యుని అడుగుమను హెచ్చరిక తప్పనిసరిగా ముద్రింతురు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ పెట్టెలపై అట్టిది లేదు. ఐబుప్రొఫెన్‌కు సాక్ష్యము మధ్యస్థము: విడివిడి రోగుల నివేదికలు కలవు, నిత్యసేవనమునకు సంబంధించిన సంఖ్యలు కలవు, అప్పుడప్పుడు వాడుకను గూర్చి గట్టి ఆరోపణ లేదు. నాప్రోక్సెన్ వివరపత్రము హోరును నూటికి 3 మొదలు 9 మంది వరకు చెప్పిన లక్షణముగా పేర్కొనును. ఆ చెప్పినవారు దీర్ఘకాలము మందు వాడిన కీళ్ళవాతరోగులని మరువరాదు. పారాసిటమాల్ అప్పుడప్పుడు వాడుకకు అన్నింటిలో తక్కువ అనుమానము గలది. నిత్యవాడుకలో దాని పేరు కూడ మచ్చలేనిది కాదు. పైపూతగా వాడు డైక్లోఫెనాక్ జెల్‌నుండి రక్తములోనికి చేరునది నోటిమాత్రతో పోల్చినచో నూటికి 6 పాళ్ళు మాత్రమే కావున, ఒక మోకాలో ఒక భుజమో నొచ్చువారికి అది యోచింపదగినది.

బాముల సంగతి వేరుగా చెప్పవలెను. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనము ప్రారంభించిననాటినుండి తలకు బాము రాచికొనుట తెలుగువారి గృహధర్మములలో ఒకటైనది. నొప్పి బాములలో పెక్కింట వింటర్‌గ్రీన్ తైలము, అనగా మిథైల్ సాలిసిలేట్, ఉండును. కణతలకు కొద్దిగా రాచినంత మాత్రమున చెవికి భయము లేదు. కాని ఆ తైలము ఒక చెంచాడు కడుపులోనికి పోయినచో సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానము. అది పసిబిడ్డకు ప్రాణాంతకము.

మన దుకాణములలో

భారతదేశపు ఔషధచట్టములో చీటీ అక్కరలేని మందులను ప్రత్యేకవర్గమే లేదు. 1945 నాటి నియమావళిలోని కె షెడ్యూలు పారాసిటమాల్, ఆస్పిరిన్ మాత్రలను వేయిమందికి మించని గ్రామములలో లైసెన్సు లేకయే అమ్ముటకు అనుమతించినది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, మెఫనమిక్ ఆమ్లము, నిమెసులైడ్ అన్నియు హెచ్ షెడ్యూలులో నున్నవి. అనగా చట్టప్రకారము వైద్యుని చీటీ కావలెను. ఆచరణలో ఎట్లున్నదో పాఠకునకు చెప్పనక్కరలేదు.

ఇచ్చట అసలు ప్రమాదము ఒక్కొక్క మందుది కాదు, మందు పేరు తెలియకపోవుటది. కాంబిఫ్లామ్ మాత్రలో 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్‌తోపాటు 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉన్నదని తెలియక, జ్వరమునకు డోలో 650 నాలుగును, ఒళ్ళునొప్పులకు కాంబిఫ్లామ్ మూడును ఒకే దినమున వేసికొన్నవాడు 3,575 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మ్రింగినవాడగుచున్నాడు. వయోజనునకు గరిష్ఠపరిమితి 4,000. జలుబు మాత్రయొకటి దానికి చేర్చినచో ఆ పరిమితియు దాటవచ్చును. పల్లెలలో చిన్న పొట్లములో కట్టియిచ్చు రంగురంగుల మాత్రలకు పేరే ఉండదు. ఆ పొట్లముతోపాటు జెంటమైసిన్ గాని అమికాసిన్ గాని సూదిమందుగా పడినచో, చెవికి నిజమైన హాని చేయగలది ఆ సూదియే. నింద మాత్రము మాత్రకు పోవును.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమువలె మూత్రపిండ వ్యాధి పీడించు ప్రాంతములలో ఈ చర్చయే తలక్రిందులగును. అచ్చట శోథహర మాత్ర చెవికి చేయునేమో యన్న కీడుకన్న మూత్రపిండమునకు నిశ్చయముగా చేయు కీడు ముఖ్యము. వానకాలపు జ్వరములలో డెంగీ అనుమానమున్నప్పుడు రక్తస్రావభయముచేత ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ రెండును కూడవు. చెవి ప్రశ్న అంతవరకు రానేరాదు.

తేలని అంశములు

మొదట విడదీసిన మూడు ప్రశ్నలకు మరలి వచ్చినచో, మొదటిదానికి సమాధానము దాదాపు తేలినది: పెద్ద మోతాదులు హోరు పుట్టించును, అల్పమాత్ర ఆస్పిరిన్ పుట్టింపదు. రెండవదానికి సగము తేలినది. తాత్కాలికమని నూరేండ్ల వైద్యానుభవము చెప్పుచున్నది; నిత్యసేవనముతో ఎడతెగని హోరు కొంత హెచ్చునని నర్సుల పరిశీలన చెప్పుచున్నది. ఈ రెండింటిని కలుపు వంతెన ఇంకను కట్టబడలేదు. ప్రెస్టిన్ తిరిగి కోలుకొనునన్న సూత్రము పారాసిటమాల్‌కు వర్తింపనే వర్తింపదు.

మూడవది అట్లే మిగిలియున్నది. మాంగన్ రోగులు కీళ్ళవాతరోగులు. తరువాత రక్తస్థాయికిని చెవుడునకును గల అనుపాతమును కొలిచినది ఆరోగ్యవంతులైన స్వచ్ఛందులపై. కర్హన్ గణించినది క్రొత్తగా హోరు వచ్చినవారిని. ముందే హోరుతో నున్న మనుష్యునకు ఒక వారము ఐబుప్రొఫెన్, ఒక వారము ఉత్తమాత్ర, ఏది యేదో అతనికి తెలియకుండ ఇచ్చి, హోరు తీవ్రతను దినదినము కొలుచు పరీక్షయే ఈ ప్రశ్నకు సూటియైన సమాధానము చెప్పగలది. అందుకు గొప్ప యంత్రములు అక్కరలేదు. దానివలన లాభపడు కంపెనీ లేకపోవుటయే పెద్ద అడ్డంకియని తోచుచున్నది. చెవి, ముక్కు, గొంతు విభాగములు గల మన వైద్యకళాశాలలు పూనుకొనదగిన పని యిది.

అంతవరకు చేయదగినది

ఉన్న సాక్ష్యమునుబట్టి నిర్ణయమిది. కాలేయము ఆరోగ్యముగా నున్న చెవిహోరు రోగి అప్పుడప్పుడు కలుగు నొప్పికి పారాసిటమాల్ తగు మోతాదులో వాడుటకు శంకింపనక్కరలేదు. కడుపుపుండు, మూత్రపిండవ్యాధి, గుండెబలహీనత లేనివాడు భోజనానంతరము రెండు మూడు దినములు ఐబుప్రొఫెన్ వాడినను చెవి పేరున దానిని నిషేధించుటకు ఆధారము చాలదు. నొప్పికై పెద్ద మోతాదు ఆస్పిరిన్ వాడుట నేడు అవసరము కాదు, మానుట మేలు. వైద్యుడు గుండెకో, స్టెంటుకో వ్రాసిన అల్పమాత్ర ఆస్పిరిన్‌ను చెవి భయముతో తమంత తాము మానుట మాత్రము ప్రాణమునకే ముప్పు.

వారమునకు రెండు మూడు దినములు దాటి మాత్ర అవసరమగుచున్నదన్నచో, ప్రశ్న చెవిది కాదు, ఆ నొప్పికి నిదానమేమన్నది. నెలకు పదునైదు దినములకు పైగా మాత్ర వేసికొను తలనొప్పి రోగికి మాత్రయే తలనొప్పికి కారణమగుట వైద్యశాస్త్రమెరిగిన సంగతి. మాత్ర వేసిన పిదప హోరు హెచ్చినట్లు తోచినచో, మందు పేరు, మోతాదు, దినము, గంట ఒక కాగితముపై వ్రాసికొని, మాని మూడు దినములు చూడవలెను. తగ్గినచో ఆ మందును వైద్యుని సలహాతో మార్చుకొనవచ్చును. తగ్గనిచో మాత్ర నిరపరాధి కావచ్చును.

ఒక్క హెచ్చరిక మిగిలియున్నది. ఒక చెవి హఠాత్తుగా వినబడకపోయినను, హోరుతోపాటు తల తిరిగి పడిపోవునట్లున్నను, ఒక్క చెవిలోనే నాడి కొట్టుకొన్నట్లు శబ్దము వినబడినను, క్రిందటిరోజు మ్రింగిన మాత్రపై నెపము పెట్టి దినములు గడపరాదు. హఠాత్ చెవుడునకు చికిత్స మొదటి రెండు వారములలో జరిగిననే ఫలించు అవకాశమెక్కువ. అందును ఎంత ముందైన అంత మేలు. అట్టివారు ఆ దినముననే చెవి వైద్యుని చూడవలెను.